కళ్ళజోడు లేని డాక్టరు

సిటీ బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చిందని ఫోను మోగేసరికి అతను ఒక చెంపమీదే గడ్డం గీసుకున్నాడు. రేపు సాయంత్రం ఐదింటిలోగా కంటి డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలట. లేకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతివాడికి పోతుంది. సంతోషంలో నురగ తుడిచేసుకుని చొక్కా తగిలించుకున్నాడు. పెళ్ళయి ఇరవై రెండు రోజులైన భార్య గుమ్మంలోనే గంతులేసింది.

"మంచి డాక్టర్ని వెతకాలండీ!"

"వెతకడమెందుకే? నా కన్ను బాగుచేసినాయన ఉన్నాడుగా," అంది ఆమె అత్తగారు. "ఒరేయ్, ఆ గడ్డమేంట్రా?"

"బాగానే ఉన్నారత్తయ్యా, పదండి!"

ఆస్పత్రిలో అత్తగారు నర్సుని పట్టుకుని, "ఒక్కగానొక్క కొడుకమ్మా, లోపలికంటా క్షుణ్ణంగా చూడండి," అని మరీ మరీ చెప్పింది. నర్సు అతని రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, అరగంట మూసుకోమంది. అరగంటయ్యాక డాక్టరుగారు వచ్చారు, సోడాబుడ్డి అద్దాలతో.

కోడలు భర్త చెయ్యి పట్టుకుని లేచింది. "తన కళ్ళే బాగుచేసుకోలేనాయన మీ కళ్ళేం చూస్తాడండీ?"

"ఆ అద్దాల్లోంచి చూసే నా కన్ను కోశాడే!" అని అత్తగారు మొత్తుకుంటున్నా ఆగలేదు.

రెండు వీధుల అవతల ఇంకో డాక్టరున్నాడు. ఎండలో అతనికి లోకమంతా తెల్లగా వెలిగిపోతోంది. బట్టల కొట్టు ముందు నిలబెట్టిన అట్టబొమ్మకి భుజం తగిలి, "సారీ అండీ," అన్నాడు.

"పలకనైనా లేదు చూడండి, ఎంత పొగరో!" అంది భార్య.

ఈ డాక్టరుకి కళ్ళజోడు లేదు. ఆమె మనసు కుదుటపడింది.

"గోడమీది అట్టలో కింది వరస చదవండి."

"వరసలున్నాయాండీ?" అన్నాడతను.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "బస్సు సంగతి దేవుడెరుగు, సైకిలుక్కూడా నేను సంతకం పెట్టను."

"ఆరేళ్ళు వ్యాను నడిపానండీ..." అని అతను బతిమాలాడు. అది విని ఆమె ఉండలేకపోయింది. మొదటి ఆస్పత్రి, చుక్కలు, సోడాబుడ్డి, అన్నీ ఏడుస్తూ చెప్పేసింది.

డాక్టరు టార్చి వేసి చూసి నవ్వాడు. "కంటిపాపలు ఇలా విచ్చుకుంటే నేనూ చదవలేను. మందు దిగాక రేపు పొద్దున రండి. సాయంత్రానికి బోలెడు టైముంది."

ప్రాణం లేచొచ్చిన ఆమె భర్త తరఫున అందుకుంది. "అయినా వరసలెక్కడున్నాయండీ? అట్టమీద ఉన్నదే ఒక్క అక్షరం కదా!"

డాక్టరు ఆమెవైపు తిరిగాడు.

"అమ్మా, మీకెవరూ చుక్కలు వెయ్యలేదు కదా?"

"లేదండీ."

"అయితే మీరు కూర్చోండి," అన్నాడు డాక్టరు. రకరకాల అద్దాలు మార్చి చూసి, "దూరం చూపు బాగా మసక. ఎన్నాళ్ళబట్టో! అద్దాలకి సిగ్గుపడకండి. నేనూ కంట్లో లెన్సులు పెట్టుకున్నవాణ్ణే," అన్నాడు.

బయటికొచ్చేసరికి ఆమె మళ్ళీ గంతులేస్తోంది. "రేపు తొమ్మిదింటికల్లా ఇక్కడుండాలి! మీకు సర్టిఫికెట్, నాకు కళ్ళజోడు. పెట్టుకోగానే మొట్టమొదట మిమ్మల్నే ఎదురుగా నిలబెట్టి చూస్తా!"

అతని చెయ్యి చెంపమీదికి పోయింది. ఒకటి నున్నగా ఉంది, రెండోది గరుగ్గా ఉంది.

"తొమ్మిదిన్నరకెళ్దాం," అన్నాడు. "నాకు పొద్దున సగం పని మిగిలిపోయింది."