పొట్లాలు చేరని దేశం

సెలవు మీద వెళ్లే మనిషి సూట్‌కేసులో అతని సొంత సామాను ఉండడం నాగరికతకే అవమానం!

తొందరపడి కోప్పడకండి. నిదానంగా ఆలోచించండి. విమానం వాళ్లు ఇరవై మూడు కిలోలు తెచ్చుకోమంటారు. అందులో ఒక మనిషికి నిజంగా కావలసిందెంత? రెండు లుంగీలు, నాలుగు బనియన్లు, ఒక టూత్‌బ్రష్. మిగతా ఇరవై ఒక్క కిలోల జాగా గాలితో నింపుకుని ఎగరడమా? సాటి మనిషికి అది ద్రోహం కాదా?

బహ్రెయిన్‌లో మనవాళ్లు ఈ ద్రోహాన్ని ఎప్పుడో అరికట్టారు. ఒకడికి లీవ్ మంజూరైందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా అతని తలుపు ముందు సంచులతో నిలబడతారు. "అన్నా, రెండు కిలోలే!" ఆ రెండు కిలోలు కాటా మీద ఎప్పుడూ మూడున్నర తూగుతాయి. ప్రేమ బరువైనది మరి!

ఇంత గొప్ప ఆచారాన్ని బెడద అనుకున్న మహానుభావుడు ఒకడున్నాడు. పేరు దేవేందర్.

దేవేందర్‌ది కోరుట్ల దగ్గర పల్లె. పదహారేళ్లుగా బహ్రెయిన్‌లోని మామీర్‌లో, ఏసీలు బాగుచేసే కంపెనీలో ఫోర్‌మన్. భార్య సరిత సల్మానియా ఆస్పత్రిలో నర్సు. దేవేందర్‌కు రెండేళ్లకోసారి లీవ్. ఇప్పటికి ఏడు లీవులు ఇంటికెళ్లాడు. ఏడుసార్లూ మెట్‌పల్లి, జగిత్యాల, నిజామాబాద్, హైదరాబాద్ తిరిగి పొట్లాలు అందించాడు.

కార్గోలో పంపేయొచ్చు కదా అంటారా? అదెలా కుదురుతుంది! తెచ్చిన మనిషి ఇంట్లోకి రావాలి, కూర్చోవాలి, టీ తాగాలి, పంపినవాడికి వీడియో కాల్ చేసి పొట్లం పక్కన తన మొహం చూపించాలి. మొహం లేకుండా చేరిన పొట్లం చేరినట్టే కాదు. పోయిన లీవులో దేవేందర్ ఒక్క రోజున పందొమ్మిది టీలు తాగాడు. ఆ సెలవు మొత్తంలో అతను కంటినిండా నిద్రపోయింది తిరుగు విమానంలోనే.

జూన్ ఆఖర్లో ఒకనాడు, ఎండకు బయటి పని ఆపేసిన మధ్యాహ్నం వేళ, దేవేందర్ ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. ఎక్కడో ఉత్తరాన మంచుకొండల నడుమ ఒక సరస్సు. ఒడ్డున ఒక మనిషి గాలం వేసుకుని కూర్చున్నాడు. నలభై నిమిషాలు. మాట్లాడలేదు. అతని దగ్గరికి ఎవరూ రాలేదు. సంచీతో అసలే రాలేదు!

దేవేందర్ రెప్ప వేయకుండా చూశాడు. అతనికీ గాలం పిచ్చి ఉంది. శుక్రవారాలు తలమీద తడి తువ్వాలు కప్పుకుని కర్జకాన్ సముద్రం ఒడ్డున కూర్చుంటాడు. ఆ ఎండలో పట్టిన చేప బకెట్‌లో పడేలోపే సగం ఉడుకుతుంది.

"ఈసారి లీవ్‌కు అటే పోత," అన్నాడు సరితతో. "పది రోజులు. చేపలు పడత, మంచుకొండలు చూస్త, ఎవ్వలతోని మాట్లాడ."

"ఊర్లె ఏం చెప్తవ్?"

"లీవ్ దొరకలేదని చెప్త."

"నాకా చలి వద్దయ్యా. నువ్వు పోయిరా," అంది సరిత. "కని ఎవ్వలకు తెలువనియ్యకు. తెలిసిందంటే నీ లీవ్ నీది గాదు."

తెలియకుండా ఉండేదే. కానీ జులై నెల ఎండలో ఉన్ని టోపీ కొనేవాణ్ని ప్రపంచం వదులుతుందా? కంపెనీ డ్రైవర్ వహీద్ ఆ టోపీని సీటు మీద చూశాడు.

"దేవేందర్ భాయ్, ఇదేంది? చలిజరమా?"

దేవేందర్‌కు అబద్ధం తట్టలేదు. దేశం పేరు చెప్పేశాడు. ఇంటికి పోకుండా షికారు పోతావా అని వహీద్ తిడతాడనుకున్నాడు. వహీద్ బండి పక్కకు ఆపి గట్టిగా వాటేసుకున్నాడు.

"మాషా అల్లా! మా అక్క కొడుకు రాహీల్ అక్కడి రాజధానిలనే చదువుతున్నడు!"

"నేను పోయేది ఉత్తరం అడివికి భాయ్. మీవోడు రాజధానిల ఉంటడు."

"ఒక్క దేశమే గద! మామీర్ నుంచి కర్జకాన్ అంత ఉంటదేమో."

దేవేందర్ మ్యాప్ తీసి చూపించాడు. పద్నాలుగు వందల కిలోమీటర్లు. వహీద్ స్క్రీన్ మీద రెండు వేళ్లు పెట్టి కొలిచాడు. "చూడు, గింతే ఉంది!"

సాయంత్రానికి రాహీల్ కోసం ఖుబానీ పళ్లు, మామిడికాయ పచ్చడి, ఒక ప్రెషర్ కుక్కర్ వచ్చి చేరాయి.

దేవేందర్ ఆ దేశాన్ని రద్దు చేసుకున్నాడు. కుక్కర్ వెనక్కిచ్చేసి, ఇంకాస్త ఉత్తరాన ఇంకో దేశం చూసుకున్నాడు. ఈసారి ప్లంబర్ పోశన్న పరుగున వచ్చాడు. అతని బామ్మర్ది ఆ తీరం వెంట తిరిగే ఓడలో వంటవాడట.

"ఓడ అక్కడ ఆగదు పోశన్నా," అన్నాడు దేవేందర్ నీరసంగా.

"ఆగకుంటేంది? ఒడ్డు మీద నిలవడి ఇసిరెయ్యన్నా. వాడు పట్టుకుంటడు. చిన్నప్పుడు మంచి వికెట్ కీపర్!"

చూశారా? భూగోళశాస్త్రం పుస్తకాలు చదివినవాళ్లకు ప్రపంచం పెద్దదిగా కనిపిస్తుంది. పొట్లం చేతిలో ఉన్నవాడికి మొత్తం ప్రపంచం ఒకే వీధి! ఇలాంటి విశాల దృష్టి మీకు ఏ యూనివర్సిటీ ఇస్తుంది చెప్పండి?

మూడో చోటు ఒక ద్వీపం. సరితతో పనిచేసే గజాలాకు అక్కడ ఒక స్నేహితురాలు తేలింది. హలీం మసాలా, మూడు అత్తరు సీసాలు.

దేవేందర్ పంతం పట్టాడు. అప్పటిదాకా చేపలు ఎక్కడ పడతాయని వెతికినవాడు, ఇప్పుడు మనవాళ్లు ఎక్కడ లేరని వెతకడం మొదలుపెట్టాడు. మామీర్ వాట్సాప్ గ్రూపులో రోజుకో ప్రశ్న వేసేవాడు. "ఫలానా దేశంల మనోళ్లు ఎవ్వలన్న ఉన్నరా?" నాలుగు నిమిషాల్లో జవాబొచ్చేది. ఉన్నారు! తోడల్లుడు ఉన్నాడు, మేనకోడలు ఉంది, ఒకచోట ఏకంగా బతుకమ్మ కమిటీయే ఉంది! అలా పదకొండు దేశాలు ఎగిరిపోయాయి.

పన్నెండో దేశం పేరు గ్రూపులో పెట్టి రెండు రోజులు చూశాడు. అందరూ చదివారు. నీలం టిక్కులు వరసగా పడ్డాయి. ఒక్కరూ జవాబివ్వలేదు.

దేవేందర్‌కు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు మీరే సంచీ పట్టుకుని అతని తలుపు కొడతారు. మీ సంగతి నాకు తెలియదా!

ఇక ప్లాన్ చకచకా సాగింది. సరస్సు పక్కన చెక్క గుడిసె. పొరుగిల్లు నలభై కిలోమీటర్ల దూరం. మొదటి మూడు రోజులు చేపలు. నాలుగోనాడు మంచునది. ఆరోనాడు తిమింగలాలు. క్యాలెండర్‌లో మిగతా రోజుల గడుల్లో దేవేందర్ ఒకే మాట రాసుకున్నాడు: "ఏమీ లేదు." ఆ మాటను రోజూ తీసి చదువుకునేవాడు.

లీవ్ క్యాన్సిలైందని అందరితో చెప్పాడు. కొత్త గాలం కొన్నాడు. బూట్లు, జాకెట్, నూడుల్స్. సూట్‌కేసు సర్ది కాటా మీద పెట్టాడు. ఇరవై మూడు కిలోలు, అంతా తనదే! ఆ సంతోషంలో దాన్ని మూడుసార్లు ఎత్తి దించాడు.

అంతలో వీసా ఫారం అడ్డుపడింది.

"పదిహేడో గడి ఖాళీగా వదిలేశారు," అంది కౌంటర్‌లో అమ్మాయి హిందీలో. "అక్కడ మీకు తెలిసినవాళ్లెవరు? పేరు, అడ్రసు, వాళ్లు పిలుస్తూ రాసిన లెటర్ కావాలి."

"ఎవ్వరూ లేరు మేడం. అందుకే వెళ్తున్నా."

"హోటల్ బుకింగ్ అయినా ఫరవాలేదు."

"అక్కడ హోటల్ కూడా లేదు, అడ్రసు లేని గుడిసె ఒక్కటే. అందుకే ఆ చోటు చూసుకున్నా!"

ఆ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. తెలిసినవాళ్లు లేని చోటికి, హోటల్ లేని చోటికి, ఒంటరిగా, పది రోజులు. ఏ నేరం చేసి పారిపోతున్నాడో అన్నట్టుంది ఆ చూపు.

"లెటర్ లేకపోతే వీసా రాదు సార్."

ప్రయాణానికి తొమ్మిది రోజులుంది. ఈ లీవ్ పోతే మళ్లీ రెండేళ్లు!

దేవేందర్ గ్రూపులో పాత ప్రశ్నే మళ్లీ పెట్టాడు. ఈసారి చివర దండం పెట్టే బొమ్మలు ఆరు. జవాబు లేదు. క్యాంపు క్యాంపు తిరిగాడు. అక్కడ మనవాడు ఒక్కడూ ఉండకూడదని మొక్కుకున్న మనిషి, ఒక్కడుంటే చాలునని మొక్కుకున్నాడు. చివరికి పోశన్న, వహీద్ ముందు కూర్చుని నిజం కక్కేశాడు.

"అంటే, మేమెవ్వలం లేని జాగ దేవులాడుకున్నవా?" పోశన్న నోరు తెరిచాడు. "మేమంత చేదైనమా అన్నా?"

"చేదు గాదు పోశన్నా. బరువైన్రు."

ఆ మాటకు పోశన్న మొహం ముడుచుకున్నాడు. వహీద్ మాత్రం ఫోన్ తీశాడు. "తిట్టుడు తర్వాత తిట్టుకుందాం. ముందుగాల ఒక మనిషి గావాలె. యల్లా, కానియ్యుండ్రి!"

ఇప్పుడు చూడండి ఈ ఆచారం మహిమ! వహీద్ తన క్షవరం చేసేవాణ్ని అడిగాడు. అతను సిత్రాలో ఒక క్యాంటీన్ వంటవాణ్ని అడిగాడు. ఆ వంటవాడిది అమలాపురం దగ్గర. అతని ఊరివాడు వీరబాబు ఆ దేశంలోనే, ఉత్తరపు కొసన ఒక రేవులో చేపలు ప్యాక్ చేసే షెడ్డులో ఉన్నాడు. గ్రూపులో లేడు కాబట్టి ఎవరికీ తెలియలేదు. రెండు రోజుల్లో నంబరు దొరికింది. ఏ గూఢచారి సంస్థ చేయగలదీ పని?

దేవేందర్ ఫోన్ చేశాడు. "హలో, వీరబాబేనా?"

"ఎవరండీ? తెలుగులో మాట్లాడుతున్నారేంటండీ?"

దేవేందర్ తన బాధంతా చెప్పాడు. వీరబాబు పూర్తిగా విననే లేదు. "లెటర్ రేప్పొద్దున్నే పంపేత్తానండి. గుడిసెలో ఒక్కరూ ఏముంటారండీ, ముందు మా గదికి రండి. నేనే పడవ మీద తీసుకెళ్తానండి."

దేవేందర్‌కు పదహారేళ్ల అలవాటు. నోరు దానంతటదే అడిగేసింది. "తమ్మీ, నీకేం సామాన్ తేవాలె? రెండు కిలోలా, మూడా?"

"ఏం వద్దండి," అన్నాడు వీరబాబు. "ఐదేళ్లయిందండి, ఇటు మనోళ్లెవరూ రాలేదు. మీరు రండి. అంతే చాలండి."

ఫోన్ పెట్టేశాక కూడా దేవేందర్ దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైందయ్యా? లెటర్ ఇయ్యనన్నడా?" అంది సరిత.

"ఇస్తనన్నడు."

"మరి మొహం గట్ల పెట్టినవేంది?"

"ఏం తేవద్దన్నడు సరితా. ఉత్తగ నన్నే రమ్మన్నడు."

ఏడు లీవుల్లో దేవేందర్ ఎన్నో గడపలు తొక్కాడు. తలుపు తీసినవాళ్ల చూపు ముందు అతని చేతి మీదికి, ఆ తర్వాత మొహం మీదికి వెళ్లేది. కొందరి చూపు చేతి దగ్గరే ఆగిపోయేది. అందులో అతని సొంత ఇల్లు కూడా ఉంది. దీన్ని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. నేను ఆచారం పక్షమని మొదటే చెప్పాను కదా!

వీసా ప్రయాణానికి ముందురోజు వచ్చింది. సరిత డ్యూటీ నుంచి తిరిగొచ్చేసరికి హాల్లో సూట్‌కేసు తెరిచి ఉంది. బూట్లు నేల మీద, నూడుల్స్ నేల మీద, జాకెట్ కుర్చీ మీద. లోపల ఆవకాయ, పల్లికారం, సకినాలు, బెల్లం, నాలుగు సీసాల గోంగూర పచ్చడి, ఒక దుప్పటి. ఎవరూ తెచ్చివ్వలేదు. దేవేందర్ పొద్దుటినుంచీ మనామా దుకాణాలన్నీ తిరిగి తనే కొన్నాడు.

కాటా ఇరవై నాలుగున్నర చూపించింది. దేవేందర్ సూట్‌కేసులోకి కాసేపు చూశాడు. కొత్త గాలాన్ని దాని సంచీతో సహా బయటికి తీసి తలుపు వెనక నిలబెట్టాడు.

సరిత నడుము మీద చేతులు పెట్టుకుంది. "చేపలు పట్టనీకి పోతున్నవా, పచ్చళ్లు పంచనీకి పోతున్నవా?"

"గాలం అక్కడ దొర్కుతది," అన్నాడు దేవేందర్, జిప్పు లాగుతూ. "గోంగూర దొర్కదు."