మునిలక్ష్మీ ప్రశ్నావిజయము: ఇనుప చొక్కాలోని దురద

ఓ కుతూహలమా! కునుకు పట్టబోవు వేళ చెవిలో దూరిన చీమవలె మానవుని మెదడున దూరి, అన్నము తినుచున్నవాని చేతిని నోటికి చేరనీక నడుమ నిలిపి, బస్సు దిగవలసినవానిని తరువాతి స్టాపు దాక లాగికొనిపోవు మహాశక్తీ! నీకు మ్రొక్కి, నీచే పట్టువడిన ఒక వీరనారి కథను, ఆమె గెలిచిన ఘోరసంగ్రామమును, జరిగినది జరిగినట్లు చెప్పబూనితిని. వినువారు కుర్చీలు దగ్గరకు లాగికొందురు గాక!

శేషాచల శిఖరములు ఎండకు కాగి ఎర్రబారియుండ, తలనీలాలు సమర్పించి వచ్చిన బోడిశిరస్సులపై చందనము ఆరీ ఆరకముందే పగుళ్లు వారుచుండ, ఆటోరథముల హారన్లు దిక్కులు పిక్కటిల్ల మ్రోగుచుండ, వైశాఖమాసపు ఒకానొక ఆదివారమున, తిరుపతి రైల్వే స్టేషనుకు దాపుననున్న ఒక సభామందిరమున, "ప్రాచీన చరిత్ర: మీరు అడగండి, మేము చెబుతాము" అను బ్యానరు క్రింద, పండితులును, పామరులును, పండితులమని తలచువారును ఒక్కచోట చేరిరి.

వారి నడుమ, నాలుగవ వరుసలో, తిరుగుచున్నదో లేదో తెలియని ఒక ఫ్యాను క్రింద ఆసీనురాలై యుండెను మన కథానాయిక మునిలక్ష్మి. చిత్తూరు బెల్లపు మండీలో వేలంపాట పాడి పాడి కంచువలె మ్రోగు కంఠము గలది. తూనిక చూడకయే దిమ్మె బరువు చెప్పగలది. కయ్యమునకు వచ్చిన లారీ డ్రైవరును కంటిచూపుతోనే క్లీనరు స్థాయికి దించగలది. ఆమె పార్శ్వమున, చేతిసంచి ఒడిలో పెట్టుకొని, గడియారమును పదేపదే చూచుకొనుచు కూర్చుండినవాడు ఆమె భర్త దామోదరం, ఆ మండీకి అధిపతి, తిరుగు ప్రయాణమందు తప్ప మరి దేనియందును ఆసక్తి లేనివాడు.

ఇంతకు ఆ వీరనారి అచటికేల వచ్చెను? ఒక్క ప్రశ్న అడుగుటకు. ఆ ప్రశ్న పుట్టిన విధమెట్టిదనిన:

అంతకు కొన్ని ఏండ్ల క్రిందట, బంధువుల పెండ్లికి పోయి వచ్చుచు దారిలో ఒక వస్తు ప్రదర్శనశాలకు వెళ్లినప్పుడు, అద్దాల బీరువాలో వ్రేలాడుచున్న ఒక ఇనుప చొక్కా ఆమె కంటబడెను. చిన్నచిన్న ఇనుప రింగులు ఒకదానిలో నొకటి కూర్చి అల్లిన ప్రాచీన కవచమది. చూపరులందరు "అబ్బా, ఎంత బరువో!" అని ముందుకు సాగిపోయిరి. సరిగ్గా ఆ క్షణమున, పట్టుచీరకు జతయైన బిగుతు జాకెట్టు లోపల, రెండు భుజముల నడుమ, ఏ చేతికిని అందని ఆ నిర్జనప్రదేశమున, మునిలక్ష్మికి దురద పుట్టెను. ఆమె ఒక స్తంభమునకు వీపు రాచుకొని ఉపశమించి, మరల ఆ కవచము వంక చూచెను. అంతే! పిడుగు పడినట్లు ప్రశ్న పడెను.

"ఈ ఇనప చొక్కా ఏసుకోని ఎండలో యుద్ధానికి పొయ్యినోడికి వీపు దురద పుడితే ఎట్ల గోక్కున్నాడు?"

భర్త నడిగిన, నవ్వి, "నీకు వేరే పని లేదా మే?" అనెను. అన్న నడిగిన, పడి పడి నవ్వెను. బంధువుల వాట్సాప్ గ్రూపున అడిగిన, పండ్లన్నియు బయటపెట్టి నవ్వు పసుపుపచ్చని ముఖములు వరుసగా వచ్చెనే గాని ఒక్క అక్షరము రాలేదు. అయినను ఆమె విడువలేదు. ఏలననగా, ఆ చొక్కాలో ఒకప్పుడు ఒక మనిషి ఉండెను. వానికి చెమట పట్టియుండును. వానికి ఒక తల్లి ఉండియుండును. వాడు ఏ యుద్ధమున గెలిచెనో, ఏ రాజు కొరకు పోరెనో గోడమీద బోర్డున వ్రాసిరి గాని, వాడు పడిన బాధను గూర్చి ఒక్కరును అడుగలేదు కదా అని ఆమె మనసు చివుక్కుమనెను. సమాధానము దొరకకున్నను సరే, నవ్వకుండ వినువారు ఒక్కరైనను దొరకవలెనని ఆమె పట్టుపట్టెను. ఆ పట్టుతోనే భర్తను బయలుదేరదీసి తిరుపతికి వచ్చెను.

వేదికపై చరిత్రాచార్యురాలు నారాయణి, జరీ అంచు పట్టుచీర ధరించి, దక్షిణదేశపు యుద్ధరీతులను గూర్చి తన ఉపన్యాసమును ముగించెను. అంతట సభానిర్వాహకుడు రంగరాజు లేచెను. నుదుట నిలువు నామము, ఎడమచేత ఇత్తడి గంట, కుడిచేత తీగలేని మైకు ధరించి, ఆ వీరుడు సభను కలయజూచి గంభీరముగా పలికెను.

"పదిహేను నిమిషాలు ప్రశ్నలకు. ఆపైన భోజనాలు. ప్రశ్నలు మాత్రమే అడగండి. దయచేసి ప్రశ్నలు మాత్రమే!"

ఆ మాట వినుటయే తడవుగ, చెరకుతోటవలె చేతులు లేచెను. మునిలక్ష్మి చేయి అన్నింటికంటె ఎత్తున లేచెను. గాజులు గలగల మ్రోగెను. కాని అయ్యో, రంగరాజు కన్ను మొదటి వరుసను దాటలేదు! అచట తెల్లని పంచెలో సుందరరాజు కూర్చుండియుండెను. ఉద్యోగ విరమణానంతరము తిరుపతిలో ఏ మూల మైకు పలికినను అచట ప్రత్యక్షమగు ఆ ఉపన్యాసకేసరి, మైకు చేతికి రాకముందే లేచి నిలిచి, చేతికి వచ్చినవెంటనే గొంతు సవరించెను.

"ఇది ప్రశ్న కాదు. ఒక చిన్న విన్నపం."

సభ నలుమూలల నుండి నిట్టూర్పులు వెలువడెను. ఆ విన్నపము వామనమూర్తివలె చిన్నగా మొదలై, ఒక పాదమున పురాణములను, ఇంకొక పాదమున నేటి యువత సెల్‌ఫోన్లను ఆక్రమించి, మూడవ పాదమున కార్వేటినగర సంస్థానములో తమ తాతగారికి దక్కిన మర్యాదను చేరెను. అచట తాతగారు ఏ అరుగున కూర్చుండిరో, ఎవరు విసనకఱ్ఱ వీచిరో సవిస్తరముగా తెలిపిన పిదప రంగరాజు గంట మ్రోగించెను. సుందరరాజు ఆగలేదు. మరల మ్రోగించెను. ఆ గంట తన తాతగారి గౌరవార్థమని భావించి ఆయన చిరునవ్వుతో తల పంకించెను. తుదకు రంగరాజు వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పి మైకును విడిపించుకొనెను.

మునిలక్ష్మి చేయి మరల లేచెను. ఈసారి మైకు ఆమెను దాటి, శ్రీకాళహస్తి నుండి వచ్చిన కలంకారీ చిత్రకారిణి అమల చేతికి చేరెను.

"మేడం, నేను గుడ్డ మీద యుద్ధం బొమ్మ గీస్తా ఉండాను," అని అమల వినయముగా అడిగెను. "సైనికులు బువ్వ తినేకాడ ఆకులో మిరపకాయలు పెట్టొచ్చునా?"

"ఏ కాలపు యుద్ధమమ్మా?"

"వెయ్యేళ్ల కిందటిది మేడం."

"అయితే పెట్టకూడదు," అనెను నారాయణి. "మిరపకాయ మన దేశానికి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. అంతకు ముందు మనవాళ్ల కారమంతా మిరియాలదే."

హా! ఏమని చెప్పుదును ఆ సభ పొందిన దుఃఖమును! రాయలసీమ బిడ్డలు, ఊరిమిండి పచ్చడిని ఉగ్గుపాలతో త్రాగినవారు, తమ పూర్వులు మిరపకాయ ఎరుగకయే పుట్టి, పెరిగి, పోరి, గిట్టిరన్న వార్తకు నిశ్చేష్టులైరి. "పచ్చిమిరపకాయ కూడా లేదా?" అని ఒకరు గద్గదస్వరమున అడిగిరి. "ఎండుమిరపకాయా?" అని వేరొకరు. "మరి పప్పులో ఏమేసినారు పాపం?" అని ఒక పెద్దావిడ కొంగుతో కన్నులొత్తుకొనెను. ఆ సంతాపసభ ఎంతకును ముగియకపోవుటచే నిమిషములు కర్పూరమువలె కరిగిపోయెను.

వెనుకనున్న భోజనశాల నుండి సాంబారు పరిమళము సేనావాహినివలె లోనికి చొచ్చుకొనివచ్చెను. ఒక్కొక్క వరుసయే లేచి జారిపోదొడగెను.

"మే, బస్సుకు టైమవతా ఉండాది," అని దామోదరం గొణిగెను. "ఇంకోసారి అడగొచ్చులే. పోదాం పా."

"ఇంకోసారి ఎప్పుడబ్బా? ఈ మాట అడగల్లని ఎన్నేండ్లాయె! నువ్వు పోతే పో. నేను అడిగే వస్తాను."

"ఆడ నవ్వుతారు మే."

"నువ్వు నవ్వలేదా? అప్పుడు నేను సచ్చిపొయినానా?"

దామోదరమునకు ఆ మాట సూటిగా తగిలెను. అతడు గడియారమును చూచుట మాని నేల చూచెను.

"ఆఖరి ప్రశ్న!" అని రంగరాజు ప్రకటించెను. మునిలక్ష్మి చేయెత్తుటతో తృప్తిపడక కుర్చీ యెక్కి నిలిచెను. ఆ మహోన్నత రూపమును గాంచి రంగరాజు ఆమె వైపు మైకు చాచెను. ఆమె వ్రేళ్లు దానిని తాకెను. సరిగ్గా అప్పుడే, ముందు వరుస నుండి ఒక హస్తము మెఱుపువలె వచ్చి మైకు రెండవ కొనను పట్టెను.

"నా విన్నపానికి చిన్న అనుబంధం మిగిలింది!" అని గర్జించెను సుందరరాజు.

అంతట మొదలయ్యెను తుములయుద్ధము! ఇటు బెల్లపు దిమ్మెలు మోసి గట్టిపడిన హస్తము, అటు శాలువలు కప్పించుకొని మెత్తబడినను పట్టు విడువని హస్తము. మైకు ఒకసారి తూర్పునకు, ఒకసారి పడమరకు ఊగెను. స్పీకర్లు కీచుమని ఆర్తనాదము చేయగా, మొదటి వరుసలోని వారందరు చెవులు మూసికొనిరి. కుర్చీ ఒక కాలు కిఱ్ఱుమనెను. రంగరాజు గంట మ్రోగించుచునే యుండెను. అది యుద్ధభేరియై ఇరువురిని మరింత రెచ్చగొట్టెను. అంతట మునిలక్ష్మి ఎలుగెత్తి పలికెను.

"అన్నా! నువ్వు పెద్దోడివి. నీ మాటలు ఇన్నాము, కార్వేటినగరంలో మీ తాత కూసున్న అరుగు సంగతీ ఇన్నాము. నేను చిత్తూరు నుంచి ఒకే ఒక ప్రశ్న మోసుకోనొచ్చినాను. దాన్ని తిరిగి మోసుకోని పొయ్యేదానికి నా వల్ల కాదు. ఈ మైకు నేను ఇడిసేదే లేదు. కావల్లంటే మైకుతో పాటు నన్నూ ఎత్తుకోని పో!"

సుందరరాజు ఆమెను ఎగాదిగా చూచి, ఎత్తుకొనిపోవుట అసాధ్యమని గ్రహించియు, పట్టు మాత్రము సడలింపలేదు. అప్పుడు జరిగెను ఎవ్వరును ఊహింపని సంఘటన. దామోదరం లేచెను! సంచిని కుర్చీలో పడవైచి, సరాసరి సుందరరాజు వద్దకు పోయి, ఆయన భుజము చుట్టు చేయి వైచెను.

"స్వామీ, ఆ అరుగు సంగతి నాకు సరింగా ఇనబడలేదు. ఎవురు ఇసిరినారు, ఏమి కథ, అంతా సాంబారన్నం తింటా నాకు ఒక్కడికే చెప్పండి. రండి, రండి."

తన జీవితమున తొలిసారిగా ఒక మనిషి తనను మాటలాడుమని కోరుటచే సుందరరాజు కనులు చెమర్చెను. వ్రేళ్లు వాటంతటవే విడివడెను. "మొదటి నుంచీ చెప్పనా?" అని ఆయన అడుగగా, "మొదట్నించే," అని ఆ త్యాగధనుడు పలికి, భార్య వంక ఒకసారి తిరిగి చూచి, శత్రువును భోజనశాలకు నడిపించుకొనిపోయెను.

మునిలక్ష్మి మైకును పెదవుల చెంత చేర్చెను. మైకు పలుకలేదు. తట్టెను. ఊదెను. పోరాటమున నలిగిన దాని ప్రాణజ్యోతి ఆరిపోయియుండెను. రంగరాజు "అయ్యో, బ్యాటరీ!" అని నుదురు కొట్టుకొనెను. అయితేనేమి? బెల్లపు మండీలో ఆ చివరనున్న వ్యాపారికి ఈ చివర నుండి ధర వినిపించు కంఠమునకు బ్యాటరీయేల? ఆమె ఊపిరి నిండ పీల్చెను.

"మేడం! ఇనప చొక్కా ఏసుకోని యుద్ధానికి పొయ్యినోడికి వీపు మద్దిలో దురద పుడితే ఎట్ల గోక్కునేది?"

తలలన్నియు ఆమె వైపు తిరిగెను. పిదప ఎవరో కిసుక్కుమనిరి. నవ్వు ఒక మూల నుండి అలవలె లేవబోయెను. మునిలక్ష్మి ముఖము ఎర్రబడెను. కాని నారాయణి నవ్వలేదు. ఆమె కనుబొమలు ముడివడెను. ఆమె ఆలోచింపసాగెను. ఆలోచించుచు, తన పట్టుచీర వెనుక, రెండు భుజముల నడుమ, ఏదో కదలినట్లయి, చేయి వెనుకకు పోనిచ్చెను. అందలేదు. పైనుండి పోనిచ్చెను. అందలేదు.

అంతట ఆ దురద వేదిక దిగి సభపై దండెత్తెను! నవ్వబోయినవాని వీపు మొదట లోబడెను. పిదప వాని పక్కవాడు. అమల కుర్చీ వెన్నుకు రాచుకొనెను. పెద్దావిడ విసనకఱ్ఱ పిడిని జాకెట్టు లోనికి దూర్చెను. స్తంభముల కొరకు పెనుగులాట జరిగెను. రంగరాజు, సభామర్యాద నెంతసేపు కాచినను కాచలేక, ఇత్తడి గంట పిడితో వీపు గోకికొనుచుండ, గంట దానంతటదియే గణగణ మ్రోగుచుండెను.

వేదికపై నారాయణి తెరపై చిత్రములు చూపు కఱ్ఱను అందుకొని, వెనుకకు చాచి, ఆ నిర్జనప్రదేశమును చేరి, కన్నులు మూసి, ఒక దీర్ఘ నిశ్వాసము విడిచెను. పిదప పలికెను.

"అమ్మా, నాకు తెలియదు."

సభ గోకికొనుట మాని వినెను.

"నిజంగా తెలియదు. ఇన్నేళ్లుగా యుద్ధాల మీద చదువుతున్నాను. శిల్పాల్లో కత్తి ఎత్తినవాణ్ణి చూశాను, ఏనుగు మీదినుంచి పడినవాణ్ణి చూశాను. చెక్కినవాళ్లు యుద్ధం చెక్కారు గానీ దురద చెక్కలేదు. బహుశా ఎక్కడైనా చెక్కే ఉంటారు, వెతకాలని నాకే తోచలేదేమో. వచ్చే నెల శిల్పాలు చూడటానికి పోతున్నాను. వెతుకుతాను. మీ పేరేమి?"

"మునిలక్ష్మి మేడం. చిత్తూరు."

"మునిలక్ష్మిగారూ, వేరెవరైనా మిమ్మల్ని ఇది అడిగితే, నన్ను కూడా అడిగానని చెప్పండి. నారాయణి చేతులెత్తేసిందని చెప్పండి."

మునిలక్ష్మి కుర్చీ దిగెను. రెండు చేతులు జోడించి, కన్నులు తుడుచుకొని, కొంగు నడుమున బిగించి, భోజనశాలకు నడచెను. అచట సుందరరాజు ఇంకను అరుగు మీదనే ఉండెను. దామోదరం ఖాళీ విస్తరి ముందు, శూన్యదృష్టితో, ఊకొట్టుచుండెను.

తుదకు వారు బస్సెక్కిరి. బస్సు చంద్రగిరి దాటెను. పాకాల దాటెను. పూతలపట్టు సమీపించుచుండగా, కిటికీ వెలుపల మామిడితోటలను చూచుచు, దామోదరం మెల్లగా పలికెను.

"మే. పక్కనుండే సిపాయిని గోకమని అడిగింటాడేమో."

మునిలక్ష్మి చప్పున తిరిగెను. "పక్కనుండేవోడు సచ్చిపొయ్యుంటే?"

దామోదరం ముందు సీటు కడ్డీని పట్టుకొని ముందుకు వంగెను. "ఎదురుగా ఉండే శత్రువును అడిగింటాడు. వాడికీ దురద ఉంటాది గదా. కత్తులు కింద పెట్టి, నువ్వు నాది, నేను నీది అని..."

"పెట్టిన కత్తి మళ్లా ఎత్తబుద్ధి అయితాదా అబ్బా?"

"అదే గదా నేనూ అనేది!" అని దామోదరం కేక వైచెను. ముందు సీటువారు వెనుదిరిగి, "ఏమి కత్తులు, ఏమి కథ?" అని అడిగిరి. కండక్టరు వచ్చి నిలిచెను. వాదము వరుసలు దాటి బస్సు కడకొన వరకు ప్రాకెను.

వినుడు, వినుడు! ఒక కోట కూలలేదు. ఒక కిరీటము దొరలలేదు. ఇనుప చొక్కాలోని వీరుడు ఎట్లు గోకికొనెనో ఈనాటికిని లోకమునకు తెలియదు. అయినను, వైశాఖమాసపు ఆ ఆదివారపు సాయంసంధ్యవేళ, చిత్తూరు పోవు ఆర్డినరీ బస్సులో, డ్రైవరు మొదలుకొని వెనుక సీటు మేకపిల్ల యజమాని వరకు, ఆ విషయమును గూర్చి ఒక్కరును నవ్వక ఆలోచించిరి. మునిలక్ష్మికి జయము, జయము, దిగ్విజయము!