మొదటి ప్రశ్నకి జవాబు

ఆ గురువారం ఉదయం ఫణిశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెనుగొండ దగ్గర ఆమె పనిచేసే ప్రాథమిక పాఠశాలలో ఆ రోజు టీచర్స్ సెంటర్ మీటింగు. చుట్టుపక్కల ఊళ్ల బళ్ల నుంచి మాస్టార్లు, టీచర్లు వస్తారు. ఒకరు నమూనా పాఠం చెబితే మిగతావాళ్లు చూసి సలహాలివ్వాలి. ఈసారి వంతు ఫణిశ్రీది. ఆమె మూడో తరగతి పిల్లలు మూడు వారాలుగా సగం కంటే పావే పెద్దదంటున్నారు. సగం కింద రెండుంది, పావు కింద నాలుగుంది, రెండు కంటే నాలుగు పెద్దది కదా అన్నది వాళ్ల వాదన. అందరి ముందూ పాఠం చెప్పి, ఎక్కడ ఆగిపోతోందో చూపించి, దారి అడుగుదామనుకుంది. మళ్లీ తన వంతు వచ్చేసరికి ఈ పిల్లలు ఇదే లెక్కతో నాలుగో తరగతికి వెళ్లిపోతారు.

ముందురోజు ఈ మాట చెబితే హెడ్మాస్టరు సూర్యప్రకాశం గారు ఉలిక్కిపడ్డారు.

"పిల్లలకి రాలేదని చెప్తావా అమ్మా? ఎం.ఇ.ఓ. గారి ముందు? టీచర్స్ సెంటర్లో ఇంతవరకు ఎవరి పిల్లలకైనా ఏదైనా రాకపోవడం చూశావా?"

నిజమే, చూడలేదు. క్రితం మీటింగులో చంద్రరావు మాస్టారి పిల్లలు ఒక్క తప్పు లేకుండా జవాబులిచ్చారు. అందరూ "చాలా బాగుందండి" అని, పులిహోర తిని, సంతకాలు పెట్టి వెళ్లారు.

"నువ్వేం కంగారు పడకు, నేను చూసుకుంటాను" అన్నారాయన.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి బస్సెక్కగానే ఆయన ముందు వరసల పిల్లల్ని కూర్చోబెట్టి, మొదటి ప్రశ్నకి ఇది, రెండోదానికి ఇది అంటూ జవాబులు వల్లె వేయించారు. అన్నీ సరిగ్గా చెబితే అనుమానం వస్తుందని, మణిదీప్ అనే పిల్లవాణ్ణి ఒక్కసారి లేచి "తెలీదండి" అనమన్నారు. మర్నాడు ప్రార్థనకి ముందు రెండో తరగతి టీచరు అచ్చాయమ్మ గారు, పాపం ఫణిశ్రీ చిన్నపిల్ల, ఇబ్బంది పడుతుందని, వెనక వరసల పిల్లలకి తనకి తోచిన క్రమంలో జవాబులు నేర్పారు. ఈ సంగతి ఆయనకి తెలియదు. ఆయన సంగతి ఈవిడకి తెలియదు. ఫణిశ్రీకి రెండూ తెలియవు.

పాఠం మొదలైంది. కొత్తవాళ్లని చూసి పిల్లలు బిగుసుకుపోయారేమోనని ఫణిశ్రీ నవ్వుతూ అడిగింది.

"పొద్దున్న ఏం తిన్నారర్రా?"

"సగమండి!" అన్నాయి ముందు వరసలు.

"పావండి!" అన్నాయి వెనక వరసలు.

మణిదీప్ లేచి చేతులు కట్టుకుని, "తెలీదండి" అన్నాడు.

"పొద్దున్న ఏం తిన్నాడో తెలీదా వీడికి?" అన్నారు మండల విద్యాధికారి, ఎం.ఇ.ఓ. సీతారామలక్ష్మి గారు.

సూర్యప్రకాశం గారు గబుక్కున లేచారు. "మా పిల్లలు టిఫిన్లో కూడా భిన్నాలే చూస్తారండి!"

ఎం.ఇ.ఓ. గారు ఆయన్ని చూడకుండా ముందు వరసలోని వెంకటదుర్గని లేపారు.

"సగమంటే ఏంటమ్మా?"

"మొదటి ప్రశ్నకి జవాబండి."

"కాదండి, మొదటిదానికి పావండి! అచ్చాయమ్మ టీచర్ గారు చెప్పారండి!" అని వెనకనుంచి కేకలు.

"హెడ్మాస్టారు గారు సగమన్నారండి!" అని ముందునుంచి కేకలు.

అచ్చాయమ్మ గారు కొంగు సర్దుకున్నారు. హెడ్మాస్టరు గారు తరగతి పైకప్పు దూలాలు లెక్కపెట్టుకుంటున్నారు. ఇంక పోయేదేముందని ఫణిశ్రీ నోరు విప్పింది.

"మేడమ్, వీళ్లకి సగమేదో పావేదో తెలీదండి. ఎలా చెప్పాలో నాకూ తెలీట్లేదు. అది అడుగుదామనే ఈ పాఠం తీసుకున్నానండి."

ఇంక చీవాట్లే అనుకుంది. చంద్రరావు మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మావాళ్లకీ రాదండి. క్రితంసారి చెప్పినవి... అవీ వల్లె వేయించినవేనండి."

"మావాళ్లూ అంతేనండి" అన్నారు వెనకనుంచి ఒకరు. తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి. ఎం.ఇ.ఓ. గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు.

"హమ్మయ్య! ఇన్నాళ్లకి మీటింగు మొదలైంది. చెప్పండి, ఏం చేద్దాం?"

"బోర్డు మీద గీస్తే మావాళ్లకి ఎక్కలేదండి. తినేది పంచి చూద్దామా?" అన్నారు చంద్రరావు మాస్టారు.

అచ్చాయమ్మ గారు ఒక్క పరుగున వెళ్లి భోజనాలకి తెప్పించిన బొబ్బట్లు పట్టుకొచ్చారు. ఒకటి ఇద్దరికి, ఇంకొకటి నలుగురికి పంచారు. మణిదీప్ చేతిలో ముక్కని చూసుకున్నాడు, పక్కన వెంకటదుర్గ చేతిలోది చూశాడు.

"టీచరండీ, నాకు పావే వచ్చిందండి! ఆ పిల్లకి సగమిచ్చారు. దానిదే పెద్దదండి!"

ఆ జవాబు ఎవరూ నేర్పింది కాదు. ఫణిశ్రీ బల్ల మీద కూలబడి, మూడు వారాలుగా బిగపట్టిన ఊపిరి వదిలింది. "మాకూ పంచండి, మేమూ చూస్తామండి" అంటూ తరగతంతా లేచింది. చూడనివ్వక తప్పలేదు.

మధ్యాహ్నం విస్తళ్లు వేసేసరికి సూర్యప్రకాశం గారికి మిగిలింది పావు బొబ్బట్టు. అది ఎంతో ఆయనకి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.