పసుపు జెర్సీ తిన్న రొయ్యల సంబల్

సైకిల్ పందెం తమ ఊరి మీదుగా వెళ్లే రోజున జైనోల్ ఏం చేస్తాడో కువాలా కుబులో అందరికీ తెలుసు. పొద్దున్నే భార్య కాల్సోం నడిపే దుకాణానికి వస్తాడు. రోడ్డుకి ఎదురుగా ఉండే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. ఎవరు గుంపులోంచి విడిపోయి ముందుకు దూసుకుపోతారో, ఎవరు కొండ మొదట్లోనే చతికిలబడతారో చెబుతాడు. మిగతావాళ్లు టీ తాగుతూ వింటారు. ఎనిమిది రోజుల పందెంలో ఆ ఊరి వంతు మహా అయితే నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల గురించి జైనోల్ ఏడాది పొడుగునా మాట్లాడగలడు. ముప్ఫై ఏళ్లు పోస్ట్‌మన్‌గా ఆ కొండ దారిలోనే సైకిలు తొక్కి ఉత్తరాలు పంచినవాడు కాబట్టి ఆ మాటకి విలువ ఉండేది.

మూడు నెలల క్రితం వరకూ ఉండేది. అప్పుడే కౌలాలంపూర్‌లో జాగ్రఫీ పాఠాలు చెప్పి రిటైరైన హెల్మీ ఆ ఊళ్లో ఇల్లు తీసుకున్నాడు. మాస్టారు కాబట్టి అందరూ "చెగు" అంటారు. చెగు దగ్గర రెండు వేళ్లతో ఎత్తగలిగే సైకిలుంది. ప్రతి సైక్లిస్టు బరువూ, గుండె వేగమూ చెప్పే ఫోనుంది. అన్నిటికంటే ఘోరం, అతనికి మర్యాద ఉంది. ఎవరేం చెప్పినా "అవునా, నాకు తెలీదే!" అంటాడు. కాల్సోం అతని టీలో డబ్బాలో వచ్చే తియ్యటి గడ్డపాలు రెండు చెంచాలు వేస్తుంది. మొగుడికి ఒకటే. అదీ డాక్టరు వద్దన్నాడని సణుగుతూ.

ఈసారి పందెం రోజున చెగు కంటే ముందే కుర్చీలో కూర్చోవాలని జైనోల్ ఆరున్నరకే ఇల్లు కదిలాడు. గాలి ఎటు వీస్తే గుంపు ఎలా చీలుతుందో చెప్పడానికి ఒక గొప్ప వాక్యం రాత్రే సిద్ధం చేసుకున్నాడు. తీరా వెళ్లేసరికి ఎర్ర కుర్చీలో చెగు ఉన్నాడు. పక్కన హార్డ్‌వేర్ షాపు ఓంగ్ అతని ఫోనులోకి మెడ సాచి చూస్తున్నాడు.

"రండి రండి, మీ కుర్చీ ఇది" అని చెగు లేవబోయాడు.

"మీరు కూర్చోండి చెగూ" అంది కాల్సోం పొయ్యి దగ్గర్నుంచి. "ఆయనకి స్టూలు చాలు."

జైనోల్ స్టూలు మీద కూర్చున్నాడు. దాని నాలుగు కాళ్లలో మూడే సరిగ్గా ఉన్నాయి.

"ఈ రోజు గాలి..." అని మొదలుపెట్టాడు.

"గాలేమీ ఉండదటోయ్" అన్నాడు ఓంగ్. "చెగు ఫోను చూసి చెప్పాడు. ఆ కొలంబియా కుర్రాడి పసుపు జెర్సీ కూడా ఎవడూ ఊడబీకలేడట. నూటికి తొంభై రెండు పాళ్లు!"

మొత్తం పందెంలో అందరికంటే ముందున్నవాడు వేసుకునేది పసుపు జెర్సీ. అది ఎవరి ఒంటి మీద ఉంటుందో ఆ బల్ల దగ్గర ఇరవై ఏళ్లుగా తేల్చి చెప్పినవాడు జైనోల్.

"ఉండదు" అన్నాడు.

"ఏది ఉండదు?"

"పసుపు జెర్సీ. అతనికి ఒంట్లో బాగాలేదు. రాత్రి హోటల్లో రొయ్యల సంబల్ తిన్నాడు. తెల్లార్లూ బాత్‌రూమ్‌లోనే."

మూడు నెలల్లో మొదటిసారి అందరూ జైనోల్ వైపు తిరిగారు.

"నీకెలా తెలుసు?" అన్నాడు ఓంగ్.

"మా పిన్ని కొడుకు ఆ హోటల్లో వంటవాడు."

జైనోల్‌కి పిన్నే లేదు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి కాల్సోం. ఆవిడ అప్పుడు కొబ్బరి పాలు తేవడానికి వెనక్కి వెళ్లింది.

"అవునా, నాకు తెలీదే!" అన్నాడు చెగు. అతని కళ్లు నిజంగానే మెరిశాయి. "ఇంత లోపలి కబురు ఏ పేపరుకీ దొరకదు. మా అభిమానుల గ్రూపులో పెడతాను. మీ పేరు మీదే పెడతాను. పరాయి ఘనత నాకెందుకు?"

జైనోల్ అడ్డుకోవాల్సింది. కానీ "మీ పేరు మీదే" అన్న మాట చెవికి చాలా తీయగా తగిలింది. చెగు చకచకా మూడు ముక్కలు రాశాడు: "పసుపు జెర్సీకి కడుపు పాడైంది. రాత్రి రొయ్యల సంబల్ తిన్నాడు. జైనోల్, కాల్సోం దుకాణం, కువాలా కుబు."

గ్రూపులో నలభై వేల మంది ఉన్నారు.

ఓ అరగంట జైనోల్ బతుకు దివ్యంగా గడిచింది. ఓంగ్ అతని టీ డబ్బులు తానిస్తానన్నాడు. చెగు ఎర్ర కుర్చీ ఖాళీ చేసి తను స్టూలు మీదకి మారాడు. తన కబురుకి ఎన్ని జవాబులొచ్చాయో జైనోల్ కాల్సోం వినకుండా రెండు నిమిషాలకోసారి అడిగి తెలుసుకున్నాడు.

ఎనిమిది దాటాక ఓంగ్ ఫోను చూస్తూ కనుబొమలు ముడిచాడు. "ఇదేంటోయ్? 'పసుపు జెర్సీ కువాలా కుబులోని కాల్సోం దుకాణంలో రొయ్యల సంబల్ తిని పడిపోయాడు' అని రాశాడొకడు."

"ఆఖరి ముక్క అర్థం చేసుకోలేదు" అన్నాడు చెగు కంగారుగా. "కబురు చెప్పింది ఎవరో రాస్తే, తిన్నది ఎక్కడో అనుకున్నారు. ఇప్పుడే దిద్దుతాను."

దిద్దాడు. నిజం తెలిసిన ఒక్కడి మాట ఎవరు వింటారు? తొమ్మిదికల్లా కడుపు పాడైనవాళ్లు ఆరుగురయ్యారు. తొమ్మిదిన్నరకి ఒకరు ఆసుపత్రిలో చేరారు. కిందటేడు ఎవరో తీసిన దుకాణం ఫొటో కూడా తిరగడం మొదలైంది. దాంట్లో బోర్డు కింద నవ్వుతూ నిలబడింది కాల్సోం.

పందెం చూడ్డానికి బస్సుల్లో వచ్చిన జనం ప్రతి ఏడూ దిగీదిగగానే ఆ దుకాణం మీద పడేవారు. ఈసారి రోడ్డుకి అవతలి పక్కనే నిలబడ్డారు. దుకాణానికి ఫొటోలు తీసుకున్నారు. పిల్లల చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఇవతల మూడు వందల నాసి లెమాక్ పొట్లాలు, అంటే కొబ్బరి అన్నం మీద ఎర్రటి మిరప ముద్దలో ఉడికిన రొయ్యల సంబల్, అరిటాకుల్లో చుట్టి కొండలా పేర్చి ఉన్నాయి. కాల్సోం, వాళ్ల చెల్లెలు కలిసి తెల్లవారకముందే లేచి కట్టిన పొట్లాలవి. ఇరవై ఏళ్లుగా ఆ దుకాణంలో తిన్నవాడెవడూ పొట్ట పట్టుకున్నది లేదు.

ఓంగ్ ఫోనులో చూపించిన, ఎవరి పేరూ లేని ఆఖరి కబురు చదివి కాల్సోం గరిటె కింద పెట్టింది. ఆవిడ గరిటె కింద పెట్టడం జైనోల్ పెళ్లయ్యాక రెండుసార్లే చూశాడు.

"ఎవడు రాశాడో నాకు తెలియాలి" అంది మెల్లగా. "నా సంబల్‌కి వంక పెట్టిన ఆ నోట్లో ఈ గరిటె ఎంతవరకు దిగుతుందో చూస్తాను."

చెగు నోరు తెరవబోయాడు. జైనోల్ అతని మోకాలు గట్టిగా నొక్కి బల్ల అవతలికి లాక్కెళ్లాడు.

"చెగూ, అది తప్పుడు కబురని రాసెయ్యండి."

"రాస్తే ఎవరు నమ్ముతారండీ? మీ తమ్ముడి నంబరివ్వండి, ఆ వంటాయనే చెబితే సరిపోతుంది."

"వాడి ఫోను... ఏట్లో పడిపోయింది."

"అయ్యో! హోటలుకి చేద్దామా మరి?"

"వాణ్ణి ఆ హోటల్లోంచి తీసేశారు. ఇందాకే."

"మన వల్లేనా?" చెగు మొహం వెలవెలపోయింది. లేని వంటవాడి ఉద్యోగం కోసం అతను పడ్డ బాధ చూస్తే జైనోల్‌కి ఒళ్లు మండింది. బాధపడ్డంలో కూడా ఈ మనిషి తన కంటే ఒక మెట్టు పైనే ఉన్నాడు!

ఇక తనే ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడు. ఒక పొట్లం తీసుకుని రోడ్డు మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. "చూడండి! అందరూ చూడండి! నేను తింటున్నాను!" అని అరిచి నాలుగు ముద్దలు గబగబా మింగాడు. ఆ కంగారులో సంబల్‌లో మిరప గింజ ఒకటి అడ్డం తిరిగి గొంతులో పడింది. జైనోల్ దగ్గాడు. మొహం ఎర్రబడింది. కళ్ల వెంట నీళ్లు కారాయి. గుండె మీద గుద్దుకుంటూ వంగిపోయాడు.

అవతలి పక్క జనం మూకుమ్మడిగా రెండడుగులు వెనక్కి వేశారు.

"మొదలైంది!" అన్నారెవరో. ఇరవై ఫోన్లు పైకి లేచాయి.

పావుగంటలో ఆరోగ్య తనిఖీ అధికారి వచ్చింది. చిన్న వయసు. చేతులకి తొడుగులు, చంకలో పెట్టె. పరీక్ష అయ్యేదాకా ఒక్క పొట్లం కూడా అమ్మకూడదంది. కాల్సోం ఏదో అనబోయింది. అంతలో ఆ అమ్మాయి స్టూలు వైపు చూసి ఆగిపోయింది.

"చెగూ! మీరా? పదో తరగతిలో మాకు మీరే కదా జాగ్రఫీ!"

చెగు లేచి నెమ్మదిగా మాట్లాడాడు. వంట పాత్రలు చూపించాడు. రొయ్యలు పెట్టిన మంచు డబ్బా తెరిచాడు. ఆ అమ్మాయి తల ఊపుతూ "అలాగే చెగూ, అలాగే" అంటోంది. సొంత భార్య దుకాణంలో, సొంత మంచు డబ్బా పక్కన, జైనోల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఆ అమ్మాయి రూలు రూలేనంది. పసుపు జెర్సీ బాగున్నాడని ఎవరైనా చెబితే తప్ప ముద్దయినా కదలకూడదు.

అప్పటివరకూ ఆ కుర్రాడు కొండెక్కలేక కూలబడాలని కోరుకున్న జైనోల్, అతను ఉక్కుపిండంలా ఉండాలని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

పదకొండుంబావుకి పోలీసు మోటార్ సైకిళ్లొచ్చాయి. వెనకే గుంపు. రంగు రంగుల చొక్కాలు మలుపు తిరిగి వాన హోరులాంటి చప్పుడుతో దుకాణం ముందు నుంచి దూసుకుపోయాయి. జైనోల్ కళ్లు చికిలించి వెతికాడు. పసుపు లేదు.

"పడిపోయాడు" అన్నాడు ఓంగ్ నీరసంగా.

అరనిమిషం తరవాత మలుపులోంచి ఒక్కడే వచ్చాడు. పసుపు జెర్సీ! ముందు టైరు గాలి పోయి రోడ్డుకి అతుక్కుపోయింది. సరిగ్గా దుకాణం ముందు దిగి, చెయ్యి పైకెత్తి, తన టీము కారు కోసం వెనక్కి చూశాడు. కారు వెనక ఎక్కడో ఇరుక్కుంది.

చెగు పరుగెత్తాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో, వచ్చీరాని స్పానిష్‌లో చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. కడుపు చూపించాడు. దుకాణం చూపించాడు. తొడుగుల అమ్మాయిని చూపించాడు. కొలంబియా కుర్రాడు తెల్లబోయి, మరుక్షణం పగలబడి నవ్వాడు. దుకాణంలోకి చెయ్యి చాచాడు. కాల్సోం ఒక పొట్లం విప్పి అందించింది. అతను రెండు ముద్దలు నోట్లో కుక్కుకుని, వేళ్లు నాకి, జనం వైపు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఈలోగా కారొచ్చింది. చక్రం మారింది. నోట్లో రొయ్య నములుతూనే కొండెక్కిపోయాడు.

తొడుగుల అమ్మాయి తొడుగులు తీసేసి మూడు పొట్లాలు కొనుక్కుంది. తరవాత జనం రోడ్డు దాటారు. దాటారని అనడం తక్కువే. ముప్పావు గంటలో మూడు వందల పొట్లాలూ అయిపోయి, ఉత్త అరిటాకు కోసం ఇద్దరు కొట్టుకోబోయారు.

జనం తగ్గాక కాల్సోం గరిటె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "సరే. ఇప్పుడు చెప్పండి. ఎవడు రాశాడు?"

జైనోల్ మళ్లీ స్టూలు మీదకే చేరి బిగుసుకుపోయాడు. చెగు ఒక్కసారి అతని వైపు చూసి, లేచి నిలబడ్డాడు.

"నేనేనమ్మా. ఎక్కడో విన్న మాట సరిచూసుకోకుండా గ్రూపులో పెట్టాను. తప్పంతా నాదే."

జైనోల్ ఊపిరి వదిలాడు. బతికిపోయాననుకున్నాడు. గరిటె ఎక్కడ దిగుతుందో చూద్దామని కాస్త ఉత్సాహంగా ముందుకి వంగాడు కూడా.

కాల్సోం గరిటె దించేసింది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"చూశావా ఓంగ్, మనిషంటే ఇలా ఉండాలి! తప్పు చేశానని నలుగురిలో నిలబడి ఒప్పుకున్నాడు. ఎంత గుండె ఉండాలి దానికి! నేనూ ఉన్నాను, ముప్ఫై రెండేళ్లు కాపురం చేసి. ఈయన నోట్లోంచి 'తప్పు నాది' అన్న మాట ఒక్కసారి విన్నానా? కూర్చోండి చెగూ, టీ పెడతాను."

గడ్డపాల డబ్బా తెరిచింది. ఒక చెంచా వేసింది. రెండు. జైనోల్ చూస్తూనే ఉన్నాడు. మూడో చెంచా కూడా డబ్బాలోకి దిగింది.

"అతనిది కాదు!" అని గావుకేక పెట్టి లేచాడు జైనోల్. స్టూలు పడిపోయింది. "ఆ తప్పు అతనిది కానే కాదు! నాది! మొదట్నుంచీ నాదే! రొయ్యల సంబల్ లేదు, కడుపు నొప్పీ లేదు, వంటవాడూ లేడు, నాకు పిన్నే లేదు! మొత్తం నేనే అల్లాను! అతను ఉత్తినే నా పేరు కొట్టేస్తున్నాడు!"

చెగు తల పట్టుకున్నాడు. ఓంగ్ తన గ్లాసు తీసుకుని పక్క బల్ల దగ్గరకి మారాడు. కాల్సోం మూడో చెంచాని అలాగే గాల్లో ఆపి, మొగుణ్ణి ఆపాదమస్తకం ఒకసారి చూసింది.

ఇరవై ఏళ్లలో ఆ బల్ల దగ్గర జైనోల్ చెప్పిన మాటల్లో, అందరూ వెంటనే నమ్మింది అదొక్కటే.