ఉపేందర్ తెచ్చిన పగలని గిన్నె

నాచారంలో తారామణి గారి ఇంట్లో పై వాటాలో అద్దెకుండే ఉపేందర్‌కు తాగుడు లేదు, పేకాట లేదు. ఉంటే మాన్పించవచ్చు. అతనికున్నది గాజు పిచ్చి.

అదీ మామూలు గాజు కాదు. కరిగిన రంగు గాజును ఇనుప అచ్చులో పోసి నొక్కిన పాతకాలపు గిన్నెలు, పళ్లేలు. ఉప్పల్‌లో పాత సామాన్ల కొట్టు కనబడితే చాలు, ప్రతి గిన్నెనూ బోర్లించి, అచ్చు అతుకు ఎక్కడుందో గోరుతో తడుముతాడు. అడుగున గీతలుంటే, "పాతదే! బాగ వాడిన్రు!" అని కొత్త పెళ్లికొడుకులా మురిసిపోతాడు.

కూతురు అమూల్య పాకడం మొదలుపెట్టిన రోజే భార్య కావ్య తీర్పు చెప్పేసింది.

"ఇంకొక్క గాజుముక్క ఇంట్లకొచ్చిందా, ఉన్నయన్నీ పాత సామాన్లోని బండెక్కుతయి. పిల్ల సెయ్యి తెగితే నీ రంగులు నాకెందుకు?"

పదకొండు గిన్నెల ప్రాణం ఆ మాట మీద వేలాడుతుండగా, ఆదివారం నాడు పన్నెండోది కంటబడింది. గులాబీ రంగు, అడుగున సూర్యుడి కిరణాలు. ఉపేందర్ పనిచేసేది మల్లాపూర్‌లో ప్లాస్టిక్ డబ్బాలు అచ్చుపోసే కంపెనీలో. అబద్ధం కూడా అచ్చులోంచి తీసినట్టు వచ్చింది.

"ప్లాస్టిక్. మా కంపెనీ కొత్త సాంపిల్. తొక్కినా పగలది."

కావ్య గిన్నెను చెంపకు ఆనించుకుంది. "మస్తుంది. అమ్ములుకు దీంట్లనే అన్నం పెడ్త."

ఉపేందర్‌కు మింగుడు పడలేదు.

ఆ పూటే చెంచా తగిలి గిన్నె ఖంగుమంది.

"ప్లాస్టిక్ గిట్ల మోగుతదా?"

"కొత్త రకం. దాంట్ల జర... ఇత్తడి కలుపుతరు."

"పాలు సలసల కాగుతున్నయి. పొయ్యాల్నా?"

"వద్దే! ప్లాస్టిక్‌ల వేడియి పోస్తే రోగాలొస్తయి!"

"గట్లనా? ఇనుప పీసుతోని తోముత మరి."

"నేను తోముత!"

ఒక్క గిన్నే తోమితే అనుమానం వస్తుందని నాలుగు రోజులు ఇంటెడు అంట్లూ తోమాడు.

ఐదో రోజు అంట్లలో గులాబీ గిన్నె లేదు. బయటి నుంచి కావ్య గొంతు వినబడింది.

"ఆంటీ! మా ఆయన తెచ్చిన గిన్నె పడేసినా పగలదంట. సూస్తరా?"

"ఏదీ, వెయ్యమ్మాయ్ చూద్దాం!" కింద వాకిట్లోంచి తారామణి.

ఉపేందర్ నురగ చేతులతో పరుగెత్తాడు. కావ్య తువ్వాలలో చుట్టినదాన్ని పిట్టగోడ మీదికి ఎత్తింది. అంచున గులాబీ రంగు తొంగిచూస్తోంది. తడి గచ్చు మీద జారి, చతికిలబడి, ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

"గాజే! అది గాజే! అబద్ధమాడిన!"

ఆమె చేతిలోది వదిలేసింది. అతను కళ్లు మూసుకున్నాడు.

టప్. టప్. టప్.

"నిజంగానే పగల్లేదే!" అంది తారామణి. "కానీ అమ్మాయ్, ఇది మీ బాత్రూం మగ్గు కదూ?"

ఉపేందర్ మెల్లగా కళ్లు తెరిచాడు. "గిన్నె?"

"బీరువా మీద భద్రంగున్నది," అంది కావ్య నవ్వుతూ. "చెంపకు ఆనిచ్చినప్పుడే తెల్సింది నాకు. గాజు సల్లగుంటది, ప్లాస్టిక్ ఉండదని పెండ్లయిన కాడికెల్లి రోజూ నీ నోట ఇంటున్న గదా!"

అప్పుడు గుర్తుకొచ్చింది అతనికి. అన్ని రోజులూ పాపకు తినిపించేటప్పుడు ఆమె ఆ గిన్నెను ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. పాప చెయ్యి చాస్తే తానే పక్కకు జరిగేది.

కావ్య నవ్వడం ఆపేసింది. "నాకు తెల్సు గాబట్టి సరిపోయింది. నీ మాట నమ్మి పిల్ల చేతికిచ్చి పక్కకు వోతే?"

ఉపేందర్ దగ్గర కలపడానికి ఏ రకం ఇత్తడీ మిగల్లేదు. "తప్పయింది," అన్నాడు, గచ్చు మీదే తల దించుకుని.

ఆమె పక్కన కూలబడి, చున్నీతో అతని మోచేతి నురగ తుడిచింది. "సూడు, ఎంత గీసుకపోయిందో."

"పారేస్తవా అన్నీ?"

"బీరువా మీదనే ఉండనీ. కిందికి దిగినయో, నువ్వు గూడ మెట్లు దిగుడే."

ఆ దయకు ఉపేందర్ కరిగిపోయాడు. నిజాయితీ పొంగుకొచ్చింది. "ఇంకో ముచ్చట. స్కూటర్ డిక్కీల ఇంకా రెండున్నయి."

"మూడు," అంది కావ్య. "నిన్ననే తీసి పైన వెట్టిన. నీలందాన్ని ముట్టకు. అది నాది."