చిలుకమ్మ అడిగిన అద్దం

ఆ రోజుకు కొమురెల్లి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా పికప్పు బండి వెనక అద్దానికి చివరి స్క్రూ బిగించాలి. ఎనిమిదికి చుట్టాలను ఎక్కించుకుని కేసముద్రం దాటాలి. పదకొండుకు ధర్మసాగర్ కట్ట మీద, భార్య పుట్టిన ఊళ్ళో, ఆమె సంవత్సరీకం విస్తరి వేయాలి. పన్నెండులోపు కాకి ముట్టాలి. ఆ తరువాత అందరూ అన్నం తినాలి. ఇందులో తన చేతిలో లేనిది కాకి ఒక్కటే అనుకున్నాడు. చేతిలో లేనివి ఇంకా చాలా ఉన్నాయని ఎనిమిదింబావుకే తెలిసివచ్చింది.

అద్దం సంగతి ముందు చెప్పాలి. కొమురెల్లిది మిర్చి బస్తాలు మోసే బండి. చుట్టుపక్కల రైతుల దగ్గర ఎత్తి వరంగల్ మార్కెట్లో దించుతాడు. స్టీరింగు దగ్గర అతను, పక్క సీట్లో సరుకు తాలూకు రైతు, వెనక బస్తాల మీద అతని భార్య చిలుకమ్మ. బస్తా జారకుండా, కుట్టు ఊడకుండా కాపలా ఆమెది. పదకొండేళ్ళు అలాగే నడిచింది. ఆమెకు ఏదైనా చెప్పాలనిపిస్తే వెనక అద్దం మీద గాజులతో కొట్టేది. రెండుసార్లు కొడితే ఆపమని, మూడుసార్లు కొడితే పొమ్మని. ఇంజను మోతలో కొమురెల్లికి రెండూ వినిపించేవి కావు, మూడూ వినిపించేవి కావు. కార్లలో బటన్ నొక్కితే జరిగే అద్దాలు ఉంటాయి కదా, అలాంటిది ఒకటి పెట్టించమని ఆమె అడిగేది. మిర్చి సీజను అయిపోనీ అనేవాడు. మిర్చి అయిపోయేసరికి పత్తి వచ్చేది. పోయినేడు జ్వరంతో తొమ్మిది రోజులు దవాఖానలో ఉండి చిలుకమ్మ చనిపోయింది. దానికి ఏ సీజనూ అడ్డం రాలేదు.

మూడోనాడు పిట్టకు విస్తరి పెడితే కాకి ముట్టలేదు. కరెంటు తీగ మీద కూర్చుని, కింద విస్తరిని చూసి మొహం తిప్పుకుంది. పోయిన మనిషికి కోరిక ఏదో మిగిలిపోయిందని, అదేమిటో తెలుసుకుని తీరుస్తామని మాట ఇస్తే తప్ప కాకి దిగదని కొమురెల్లి తండ్రికి అన్న, పెద్దబాపు కుమారస్వామి తేల్చాడు. చుట్టాలు ఒక్కొక్కరే మాట ఇవ్వడం మొదలుపెట్టారు. కోళ్ళను చూసుకుంటానని చిలుకమ్మ చెల్లెలు భారతి, మల్లన్నకు మేకను ఇస్తానని ఒకరు, గోడకు సున్నం వేయిస్తానని మరొకరు. కాకి దేనికీ కదల్లేదు. ఎండ ఎక్కింది. చివరికి కొమురెల్లి చేతులు జోడించాడు.

"చిలుకా, నీ అద్దం పెట్టిస్త. బటన్ నొక్కితే తెరుసుకునేది."

కాకి దిగి వచ్చి తిన్నది. దానికి అప్పుడే ఆకలైందో ఏమో మనకు తెలియదు. కానీ నలభై మంది చూశారు. ఆ రోజు నుంచి ఆ అద్దం కొమురెల్లి మెడకు చుట్టుకుంది. అది పెట్టకపోతే ఆమె శాంతి పొందదని అతను నిజంగా నమ్మాడు, పదకొండేళ్ళు వాయిదా వేసినవాడు నమ్మక ఏం చేస్తాడు?

పని చంద్రమౌళికి అప్పగించాడు. చంద్రమౌళి బోరు మోటార్లకు వైండింగు చేస్తాడు. నీళ్ళు లాగే మోటారు ఒక అద్దాన్ని లాగలేదా అన్నది అతని ధీమా. పాత అద్దాన్ని రబ్బరుతో సహా ఊడబీకి, రెండు ముక్కల కొత్త అద్దం కోయించాడు. ఒక ముక్క కదలదు. రెండోది కిరాణా దుకాణం షోకేసులా రేకు గాడిలో జరుగుతుంది. పాత కారు తలుపులోని మోటారు, సైకిలు బ్రేకు తీగ, రెండు చిన్న కప్పీలు కలిపి దాన్ని లాగే ఏర్పాటు చేశాడు. అంతవరకు ఎవరూ వంక పెట్టలేరు. కరెంటు దగ్గరికి వచ్చేసరికి సంవత్సరీకం రోజు తెల్లవారింది. చేతికి అందిన రెండు వైర్లకు కలిపేశాడు.

తొలిసారి బ్రేకు తొక్కగానే అద్దం తెరుచుకుంది. హారను నొక్కితే మూసుకుంది. మూతపడాలంటే హారను పది సెకన్లు ఆపకుండా నొక్కి పట్టాలి.

"ఇదేంది మౌళీ?" అన్నాడు కొమురెల్లి.

"లైన్ జర కలిసిందన్న. పనైతె చేస్తాంది గదా. ఫికర్ చెయ్యకు, మాపటికి సక్కగ జేస్త," అన్నాడు చంద్రమౌళి.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కానీ కాకి వేళ ఆగదు. పెద్దవాడని కుమారస్వామిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. భారతి, చంద్రమౌళి, మరో పదిహేను మంది వెనక ఎక్కారు. దండ వేసిన చిలుకమ్మ ఫొటో కూడా భారతి ఒళ్ళో, వెనకే. కొమురెల్లి పొద్దున్నే లేచి, బియ్యప్పిండి తడిపి, తన చేత్తో ఒక సర్వపిండి రొట్టె చేశాడు. అది చిలుకమ్మకు ప్రాణం. ఒక పక్క మాడింది, ఇంకో పక్క ఉడకలేదు. భారతి చేసిన పది రకాల పక్కన దాన్ని పెట్టడానికి సిగ్గేసి, కాగితంలో చుట్టి స్టీరింగు ముందు పెట్టుకున్నాడు.

ముందురోజు మోసింది మిర్చి. బండిని ఊడ్చాడు, కడగలేదు. ఊరి చివర స్పీడ్‌బ్రేకర్ దగ్గర బ్రేకు పడింది. అద్దం తెరుచుకుంది. వెనక మూలల్లోని మిరప ధూళి అంతా లేచి లోపలికి వచ్చింది. కుమారస్వామి తుమ్మడం మొదలుపెట్టాడు. కొమురెల్లి కళ్ళు తుడుచుకుంటూ పది సెకన్లు హారను నొక్కాడు. ముందు వెళ్తున్న ఆటో భయపడి పక్కకు తిరిగితే, దానికోసం మళ్ళీ బ్రేకు. మళ్ళీ అద్దం, మళ్ళీ ధూళి, మళ్ళీ హారను. వరంగల్ పొలిమేరకు వచ్చేసరికి ముసలాయన కండువా నోట్లో కుక్కుకుని, సీటు మీద వెనక్కి పడి, ఒక చేయి గాలిలో ఊపుతున్నాడు. వెనక పదిహేడు మందీ కళ్ళొత్తుకుంటున్నారు.

ఆ దృశ్యం చూసిన ట్రాఫిక్ కానిస్టేబులు మంచివాడు. ఏ వివరమూ అడగలేదు. మోటారుసైకిలు తీసి ముందు నడుస్తూ దారి క్లియర్ చేయించాడు. ఆగి సంగతి చెబుదామని కొమురెల్లి బ్రేకు తొక్కితే అద్దం తెరుచుకుని ముసలాయన మళ్ళీ తుమ్ములు అందుకున్నాడు. హారను నొక్కితే కానిస్టేబులు ఇంకా వేగం పెంచాడు. అలా నగరమంతా దారి ఇచ్చి, వాళ్ళను దవాఖాన గుమ్మంలో దింపింది.

స్ట్రెచరు అప్పటికే సిద్ధంగా ఉంది. కుమారస్వామిని పడుకోబెట్టి ముక్కుకు గొట్టం పెట్టారు. ఆయన నర్సు చేయి పట్టుకుని ఎంతో బతిమాలాడు. "నాకేం గాలే బిడ్డా. టైమైతాంది. కాకి ఎదురుసూస్తాంది, నేను పోవాలె." ఆ అమ్మాయికి కళ్ళు చెమర్చాయి. అలాంటి మాటలు మాట్లాడొద్దు తాతా అని, డాక్టరుతో చెప్పి ఇంకో గంట ఉంచింది.

కొమురెల్లి బయట బల్ల మీద కూర్చున్నాడు. కూర్చున్నాక చూసుకుంటే అది పోయినేడు తొమ్మిది రోజులు తను కూర్చున్న బల్లే. ఎదురుగా అదే తలుపు. ఆ తలుపులోంచే చివరిరోజు నర్సు బయటికి వచ్చి, పేరు పెట్టి పిలవకుండా ఊరికే నిలబడింది. ఏడాదిగా నలుగురిలో ఎప్పుడూ ఏడవని మనిషి ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. దారిన పోతున్న వార్డుబాయ్ ఆగి, ఏమైందని అడిగాడు.

"మిర్చి," అన్నాడు కొమురెల్లి.

ధర్మసాగర్ చేరేసరికి రెండయింది. కట్ట మీద ఎండ తప్ప ఇంకేమీ లేదు. పన్నెండింటికే వేరేవాళ్ళ విస్తర్లు తిన్న కాకులు ఎక్కడివక్కడ కునుకు తీస్తున్నాయి. భారతి పది రకాలూ వడ్డించింది. అందరూ దూరం జరిగి, ఆకలితో, ఆకాశం చూస్తూ నిలబడ్డారు. మూడుంబావుకు ఒక కాకి వచ్చింది. విస్తరి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. దేన్నీ ముట్టలేదు.

"అద్దం పెట్టిచ్చిన గదా చిలుకా," అన్నాడు కొమురెల్లి.  ఇంకా ఏం మిగిలింది, ఏం తక్కువ చేశానని విస్తరిలోని పది రకాలనూ ఒక్కొక్కటే చూశాడు.

కాకి ఎగిరి బండి మీద వాలింది. చివరి బ్రేకుకు తెరుచుకున్న అద్దం అలాగే ఉంది. అందులోంచి దూరి లోపలికి వెళ్ళి, కాగితం చించి, మాడిన సర్వపిండి తినసాగింది. తన పనితనం మీద కాకి రెట్ట వేస్తుందని చంద్రమౌళికి బెంగ పట్టుకుంది. డ్రైవరు తలుపు తీసి, దాన్ని బెదరగొట్టడానికి హారను ఆపకుండా నొక్కి పట్టాడు. కాకి బెదరలేదు. అద్దం మాత్రం బుద్ధిగా మూసుకుంది. మోటారు ఒకసారి మూలిగింది, కాలిన వాసన వచ్చింది, ఇక కదల్లేదు. చంద్రమౌళి తలుపు వేసి వెనక్కి దూకాడు.

తలుపు తీసి కాకిని వదిలేద్దామని ఎవరో అనబోతే కుమారస్వామి కర్ర అడ్డం పెట్టాడు. "తింటాంది. ఎవ్వలు తలుపు ముట్టద్దు." దవాఖానలో గంట పడుకుని వచ్చిన మనిషి మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కాకి తిన్నది. తిని, ముందు సీటు మీదికి వచ్చి కూర్చుని, అరవడం మొదలుపెట్టింది. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, ఒకే మనిషిని ఉద్దేశించినట్టు అరిచింది. అద్దాలన్నీ మూసి ఉండటంతో బయటికి ఏమీ వినిపించడం లేదు. ముక్కు తెరుచుకోవడం, మూసుకోవడం కనిపిస్తోంది. కొమురెల్లి వెనక ఎక్కి, కాలిపోతున్న రేకు మీద మోకాళ్ళు ఆన్చి, అద్దంలోంచి చూశాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే వేలితో రెండుసార్లు కొట్టాడు. కాకి తిరిగి చూడలేదు.

కింద నిలబడ్డ భారతి నవ్వడం మొదలుపెట్టి, ఏడుపులోకి దిగింది.

"అచ్చం గిట్లనే బావా. అక్క తొవ్వంత నిన్ను తిట్టుకుంట వచ్చేది. ఆయనకు ఇనరాదు, నేననేది నేనంట అనేది."

"ఏమని తిట్టేది?" ఆకలైనవాడు అన్నం అడిగినట్టు అడిగాడు కొమురెల్లి.

భారతి కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవల్నన్న ముంగట కూసోవెడ్తడు, నన్నొక్కపారి గూడ కూసో అనకపాయె అని. నువ్వే అడుగరాదా అక్కా అన్న. అడిగి కూసునుడు ఏం కూసునుడే అన్నది. అది అడగలేకనే అద్దం అడిగింది బావా."

కొమురెల్లి మోకాళ్ళ కింద రేకు కాలుతోంది. ఎండకాలం ఆ రేకు ఇంత కాలుతుందని అతనికి ఆ రోజు వరకు తెలియదు, పదకొండేళ్ళలో ఒక్కసారీ ఎక్కి చూడలేదు. దిగి వెళ్ళి, ఎడమ పక్క తలుపు పూర్తిగా తెరిచి నిలబడ్డాడు. కాకి తొందరపడలేదు. సీటు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి, అప్పుడు ఎగిరిపోయింది.

అందరూ తిన్నారు. బయలుదేరేటప్పుడు కొమురెల్లి భారతి చేతిలోని ఫొటో తీసుకుని ముందు సీట్లో నిలబెట్టాడు. పడిపోకుండా తన కండువాతో కట్టాడు.

"మరి నేనేడ కూసోవాలె?" అన్నాడు కుమారస్వామి.

"ఎనక కూసో పెద్దబాపు. ఏమన్న గావాల్నంటే అద్దం మీద కొట్టు."

కుమారస్వామి హనుమకొండలో ఒకసారి, వరంగల్‌లో రెండుసార్లు కొట్టాడు. బండి కేసముద్రంలో ఆగింది.

ఇది జరిగి రెండు మిర్చి సీజన్లయింది. ఆ మోటారు మళ్ళీ తిరగలేదు, అద్దం మళ్ళీ తెరుచుకోలేదు, ముందు సీటు కొమురెల్లి ఎవరికీ ఇవ్వలేదు. రైతులు బస్తాల మీద కూర్చుని వస్తున్నారు, మార్కెట్లో దిగగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ వెనక అద్దం జర తెరుచుకునేటట్టు చేయించరాదా అని.