రెండు కుర్చీల డైనింగ్ రూమ్

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళంతా తమ పిల్లల్ని అర్జెంటుగా ఫారిన్ పంపాలి! అమెరికా ఫారిన్ కాదా అని అడక్కండి. మనకి ఫారినే గానీ, ఇక్కడే పుట్టిన పిల్లలకి ఇది సొంతూరు. వాళ్ళకీ ఒక ఫారిన్ ఉండొద్దూ?

నమ్మకం లేనివాళ్ళు టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో సుమతి ఇంటికి వెళ్ళి చూడండి. కాలేజీలో చదువుతున్న ఆవిడ కూతురు రేణు, ఎనభై ఆరులో ఒక సెమిస్టరంతా డెన్మార్కులోని కోపెన్‌హేగన్‌లో ఉండి వచ్చింది. చదివినది స్కాండినేవియన్ డిజైన్, సంస్కృతితో దానికున్న సంబంధం. వస్తూ అమ్మకి ఉన్ని దుప్పటి తెచ్చింది. టెక్సస్‌కి, జూన్ నెలలో!

వచ్చిన వారానికే హాల్లో కర్టెన్లు ఊడాయి. డెన్మార్కులో వెలుతురు అపురూపమట, దానికి అడ్డం పెట్టకూడదట. ఇర్వింగ్ ఎండ ఆ మర్యాదకి పొంగిపోయి సరాసరి సోఫా మీదకొచ్చి కూర్చుంది. ఆ వేడికి ఏసీ పెంచారు. పెంచితే చలేసింది. చలేస్తే కప్పుకోవడానికి ఉన్ని దుప్పటి ఉండనే ఉంది. ఎంత ముందుచూపు!

భోజనాల బల్ల మీద దీపం బాగా కిందికి వేలాడింది. వెలుగు మొహాల మీద పడితే మనుషులు దగ్గరవుతారట. సుమతి భర్త భాస్కర్ లేచినప్పుడల్లా దానికి తల కొట్టుకుని, "మన అమ్మాయి సెలెక్షన్ బావుంది కదూ" అంటూ నుదురు రుద్దుకునేవాడు.

సుమతి వీటన్నిటినీ ఓర్చుకుంది. ఆగస్టులో మళ్ళీ కాలేజీకి వెళ్ళిపోయే పిల్ల, ఈలోగా ఒక్కపూటయినా తన పక్కన కూర్చుని తింటే చాలనుకుంది. రేణు ధ్యాసంతా అక్కడ తనని ఇంట్లో ఉంచుకున్న కిర్‌స్టెన్ మీదే.

"షీ ఈజ్ సో నైస్, అమ్మా. కుకింగ్ అయ్యాక తను కూడా వచ్చి మాతో కూర్చుంటుంది. టూ అవర్స్ అందరం టాక్ చేస్తాం. అదే వాళ్ళ కల్చర్."

సుమతి ఇదంతా అట్లకాడతో వంటింటి గుమ్మంలో నిలబడి వింది.

ఓ శనివారం పాత కుర్చీలన్నీ గరాజ్ సేల్‌లో వెళ్ళిపోయాయి. వాటి బదులు టేకుతో చేసిన డేనిష్ కుర్చీలొచ్చాయి. రెండు.

"ముగ్గురం ఉన్నాం, రెండేమిటే?" అంది సుమతి.

"ముందు ఇంట్లో వాళ్ళు ఎలా లివ్ చేస్తారో అబ్జర్వ్ చెయ్యాలి, అమ్మా. ప్రొఫెసర్ అదే చెప్పారు. నేను చేశాను. నువ్వు ఎప్పుడూ కూర్చోవు కదా."

చదువులో తప్పెక్కడుంది? ఆ ఇంటి సంస్కృతి ఏళ్ళ తరబడి అదే. పిల్ల కళ్ళారా చూసి, సరిగ్గా సరిపడా కుర్చీలు తెచ్చింది. సుమతికి మాత్రం గుండె కలుక్కుమంది.

ఆ సాయంత్రం ఆవిడ పెనం మీద దోసె పెనం మీదే వదిలేసి, వచ్చి రేణు కుర్చీలో కూర్చుంది. కుర్చీ నిజంగానే హాయిగా ఉంది.

"అమ్మా, మరి నేను ఎక్కడ కూర్చోను?"

"నాకో రెండు దోసెలు వెయ్యి. నిలబడితే ఎలా ఉంటుందో కూడా అబ్జర్వ్ చేసినట్టుంటుంది."

రేణు వేసిన దోసె ఒకవైపు మాడింది. దాన్ని తెచ్చి అమ్మ ముందు పెట్టి, ఏమనుకుందో ఏమో, వంటింట్లోంచి స్టెప్ స్టూల్ లాక్కొచ్చి పక్కనే కూర్చుంది. సుమతి కళ్ళు తుడుచుకుని మొదటి ముక్క కూతురి నోట్లో పెట్టింది.

అందుకే చెబుతున్నాను, పిల్లల్ని ఫారిన్ పంపండి. అమ్మ నిలబడి ఉందని తెలుసుకోవడానికి వాళ్ళకి ఒక్క సెమిస్టర్ సరిపోతుంది.

భాస్కర్ చట్నీ కోసం ఇంకా వంటింటి వైపే చూస్తున్నాడు. ఆయనకి స్టడీ అబ్రాడ్ వయసు దాటిపోయింది.